పర్ణశాల రేవులో కొత్త నీరు

వెంకటనారాయణ పుట్టింది కోనసీమ లంకలో. అక్కడ లంక అంటే ఊరు. బడి ఉంటుంది, కొట్టు ఉంటుంది, పొద్దుగూకేదాకా పడవలు తిరుగుతూనే ఉంటాయి. దమ్మపేట దగ్గర భూమి కొనుక్కుని వచ్చి ఏళ్ళు గడిచినా, గోదావరి అంటే ఆయన మనసులో ఆ గోదావరే. అందుకే ఎనభై మూడు జూన్‌లో, ఇంట్లోవాళ్ళతో పర్ణశాల చూడడానికి వచ్చి రేవులో నిలబడి, నది నడుమ ఇసుకలో పుచ్చతీగలు చూడగానే ఆయన ఇంకేమీ ఆలోచించలేదు. పడవ విప్పుతున్న గోపాలును లంకలో దింపమని అడిగాడు. గోపాలు ఎక్కమన్నాడు.

ఆయన భార్య నిర్మలాదేవి వెనక్కి చూసింది. అత్తగారు పున్నమ్మ రేవు మెట్ల మీద కూర్చుని ఉంది. ఆవిడ ఒళ్ళో ఐదు నెలల పిల్లవాడు అప్పుడే పాలు తాగి నిద్రపోయాడు. వాడికి తల్లిపాలు తప్ప పడవు. సీసాపాలు పట్టిన ప్రతిసారీ కక్కాడు. వాడు లేచేలోగా వచ్చేద్దామని భర్త అన్నాడు. పున్నమ్మ కూడా వెళ్ళి రమ్మంది. పెళ్ళయ్యాక ఇద్దరే కలిసి ఎక్కడికైనా వెళ్ళడం అదే మొదలు. నిర్మల పడవ ఎక్కింది.

గోపాలు వాళ్ళను ఇసుకలో దింపి అవతలి ఒడ్డుకు సాగిపోయాడు. అది రేవు పడవ కాదు, వెదురు తెచ్చే పడవ. ఆ సంగతి లంక మీద పుచ్చ పండిస్తున్న పగిడయ్య చెబితే గానీ తెలియలేదు. పగిడయ్య, ఆయన భార్య నాగక్క కోయవాళ్ళు. వేసవి వేసవికీ ఇసుకలో గుడిసె వేసుకుని, కాయలు దిగేదాకా అక్కడే ఉంటారు. లంకకు వచ్చినవాళ్ళు ఉండడానికే వస్తారు. తిరిగి ఎప్పుడు వెళతారని గోపాలు అడగలేదు. నువ్వెప్పుడు వస్తావని వెంకటనారాయణా అడగలేదు.

"మా కోనసీమలో దింపిన పడవే మళ్ళీ వచ్చి ఎక్కించుకుంటుంది" అన్నాడు వెంకటనారాయణ భార్యతో, తప్పు గోదావరిదే అన్నట్టు.

పగిడయ్య నవ్వి, తన దోనెలో దింపి వస్తానన్నాడు. తాటిమాను తొలిచిన దోనె అది. దాన్ని ఇసుకలోంచి లాగి, నీటి అంచుకు తెచ్చి, అక్కడే ఆగిపోయాడు. వంగి దోసిట్లోకి నీళ్ళు తీసుకున్నాడు. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. మీద నురగ, గడ్డిపోచలు తేలుతున్నాయి. ఆకాశంలో మబ్బు లేదు.

"కొత్త నీరొచ్చింది. ఎగువన ఇంద్రావతి కాడ వాన పడ్డది" అన్నాడు. దోనెను మళ్ళీ పైకి లాగాడు.

కొత్త నీరు వచ్చిన రోజు ఆ తీరంలో ఎవరూ దోనె దించరు. అడవిలో పడి ఉన్న మానులన్నీ ఆ రోజే కొట్టుకొస్తాయి. ఒక్క మాను తగిలితే దోనె బోర్లా పడుతుంది. తెల్లవారేసరికి మానులు పల్చబడతాయని, లంక ఎగువ కొస ఈ నీటికి మునగదని, రాత్రి అందరం అక్కడే ఉందామని పగిడయ్య చెప్పాడు. పొద్దున్నే గోపాలు పడవ వస్తే, రాశి పోసిన కాయలు అందులో వేసి వాళ్ళిద్దరూ కూడా లంక ఖాళీ చేస్తారు. ఆయన మాట్లాడుతుండగానే వేళ్ళతో సహా ఒక చెట్టు వాళ్ళ ముందునుంచి వెళ్ళింది.

రాత్రి అన్న మాట దగ్గరే నిర్మల ఆగిపోయింది. రేవు కనబడుతూనే ఉంది. మెట్ల మీద పున్నమ్మ తెల్లచీర కనబడుతోంది. కాసేపటికి ఆ చీర లేచి అటూ ఇటూ నడవసాగింది. పిల్లవాడు లేచాడు. ఏడుపు ఇక్కడికి వినబడదు. కానీ అత్తగారు నడిచే తీరు నిర్మలకు తెలుసు. వాడు ఏడిస్తేనే ఆవిడ అలా నడుస్తుంది.

నిర్మల నీటి అంచున నిలబడింది. నీరు పాదాల మీదికి వస్తే ఒక అడుగు వెనక్కి వేసింది. మళ్ళీ వస్తే మళ్ళీ వేసింది. ఈదగలనని వెంకటనారాయణ పంచె ఎగగట్టాడు. పగిడయ్య ఆయన మోచెయ్యి పట్టుకుని, కొట్టుకుపోతున్న మానులు చూపించాడు. ఆయన పంచె దించుకున్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి నిర్మల జాకెట్టు తడిసింది. పైట కప్పుకుంది. పైట కూడా తడిసింది. నాగక్క అది చూసి దగ్గరికి వచ్చింది.

"పాలా?"

నిర్మల తలూపింది.

"పోరడు ఏడి?"

నిర్మల రేవు వైపు చూపించింది. నాగక్క ఆమెను గుడిసె చాటుకు తీసుకుపోయింది.

"పిండుకో బిడ్డా. గడ్డకడితే జ్వరమొస్తది. గిట్ల నిలబడి చూస్తే ఏమొస్తది? మీ ఆయనకు పుచ్చకాయ కావాలంటే సంతల దొరకదా, గోదారి నడుమకు తెచ్చిండు నిన్ను?"

నిర్మలకు నవ్వు రాలేదు. ఇసుకలోకి పాలు పిండింది. ఇసుక పీల్చేసుకుంది. వెనక్కి వచ్చి చూస్తే మెట్ల మీద తెల్లచీర లేదు. అటూ ఇటూ చూసింది. రేవు ఈ చివరనుంచి ఆ చివరకు వెతికింది. లేదు. వాడికి ఏమైందో, దవాఖానాకు తీసుకుపోయిందో, ఎవరిని అడగాలి?

నాగక్క మొగుడితో తమ భాషలో ఏదో అంది. పగిడయ్య అడ్డంగా తలూపాడు. ఆమె మళ్ళీ అంది, ఈసారి కాస్త పొడుగ్గా. ఆయన మొలలోంచి కత్తి తీసి గుడిసె కట్లు కోయడం మొదలుపెట్టాడు.

గుడిసె విప్పి, వెదుళ్ళు మోపులుగా కట్టి, దోనెకు అటొకటి ఇటొకటి బిగించారు. అలా కడితే మాను తగిలినా ఒరుగుతుందే గానీ బోర్లా పడదు. ముందు కూర్చుని మానులను పక్కకు నెట్టడానికి ఇంకో మనిషి కావాలన్నాడు పగిడయ్య. వెంకటనారాయణ గెడ తీసుకున్నాడు. అది ఎలా పట్టుకోవాలో ఆయనకు తెలుసు. నాగక్క కూడా ఎక్కింది. గుడిసె పోయాక ఆమె అక్కడ ఉండేది ఎక్కడ?

"కాయలు?" అని అడిగింది నిర్మల. నీటి అంచుకు దగ్గర్లో రాశి అలాగే ఉంది.

"నీళ్ళు తింటయి. జల్దీ కూసో" అంది నాగక్క.

దోనె నీటిలోకి దిగింది. రెండుసార్లు మాను వెదుళ్ళకు రాసుకుపోయింది. ఒకసారి దోనె సగం తిరిగింది. వెంకటనారాయణ మోకాళ్ళ మీద నిలబడి గెడతో నెట్టాడు. నిర్మల రేవునే చూస్తూ కూర్చుంది. ప్రవాహం వాళ్ళను రేవుకు బాగా దిగువన ఒడ్డుకు చేర్చింది. దోనె నేలకు తగలకముందే ఆమె దిగి, మోకాళ్ళలోతు నీళ్ళలో నడిచి గట్టెక్కింది.

రేవు పైన, బస్సు ఆగే చోట, తాటి ముంజలు అమ్మే రామక్క తాటాకు పందిరి ఉంది. మెట్ల మీద ఎండ ఎక్కువై పున్నమ్మ అక్కడికి చేరింది. పిల్లవాడు రామక్క ఒళ్ళో నిద్రపోతున్నాడు. మూతి చివర పాలచుక్క ఉంది.

"నేనే అడిగానమ్మా" అంది పున్నమ్మ. పరాయి ఇంట మంచినీళ్ళు ముట్టని మనిషి ఆవిడ. "ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది వాడికి. ఇంకేం చెయ్యను?"

రామక్క పిల్లవాణ్ణి అందించింది. "మొదలు వద్దన్నడు. నన్ను తన్నిండు గూడ. ఆకలైతే ఏం జేస్తడు, తాగిండు."

నిర్మల వాణ్ణి గుండెలకు అదుముకుంది. వాడు కళ్ళు తెరిచాడు, ఆమెను చూశాడు. రొమ్ము అందిస్తే మొహం తిప్పుకుని మళ్ళీ నిద్రపోయాడు. ఆమె రొమ్ములు మళ్ళీ రాళ్ళయ్యాయి. పందిరి మూల గోనెపట్టా మీద ఒక ఆడపిల్ల పిడికిళ్ళు చీకుతూ గునుస్తోంది. రామక్క కూతురు. రామక్క దాన్ని ఎత్తుకుని రొమ్ముకు పెట్టింది. పిల్ల కాసేపు లాగి, వదిలేసి, గట్టిగా ఏడ్చింది.

ఆ ఏడుపు ఎందుకో నిర్మలకు అర్థమైంది. కొడుకును అత్తగారి చేతికిచ్చి, రామక్క ముందు చేతులు చాపింది. రామక్క కదలలేదు. పున్నమ్మ వైపు చూసింది.

"ఇయ్యవే తల్లీ" అంది పున్నమ్మ. "చూస్తావేం?"

వాళ్ళు ఎక్కాల్సిన భద్రాచలం బస్సు వచ్చి ఆగింది. వెంకటనారాయణ, ఆయన వెనకాల పగిడయ్య, నాగక్క గట్టెక్కి పందిరి దాకా వచ్చి, లోపలికి చూసి అటు తిరిగి నిలబడ్డారు. డ్రైవరు హారన్ కొట్టాడు. మనవడిని భుజాన వేసుకుని పున్నమ్మ బస్సు ముందుకు వెళ్ళి నిలబడింది. పందిరిలో పిల్ల పాలు తాగుతోందని, అయ్యేదాకా బస్సు కదలడానికి లేదని చెప్పింది.