పడుకున్నప్పుడు తీసిన కొలత

అన్నయ్య అరుపు విని నేను గుండీలు కుట్టడం ఆపాను. మా కుట్టు దుకాణంలోని తెర వెనక నుంచి, చేతులెత్తబోయి సగంలో ఇరుక్కుపోయిన మనిషిలా బయటికి వచ్చాడు.

"అమ్మా! నా చొక్కాని ఏం చేశావే?"

"మనుషులు తొడుక్కునే చొక్కా చేశాను," అంది అమ్మ, మిషను మీద నుంచి తలెత్తకుండా. "నువ్వు తెచ్చినదాంట్లో ఇంకో ఇద్దరు కాపురం పెట్టొచ్చు. దర్జీ కొడుకువై ఉండి నా పరువు తీస్తావా?"

ఆ గళ్ల చొక్కా కోసం వాడు పాత బట్టల అంగళ్లన్నీ గాలించాడు. అది మోకాళ్ల దాకా వేలాడాలి, భుజాలు జారిపోవాలి. ఇంతకాలం స్నేహితుల వెనక నిలబడి వాళ్ల చివరి మాటలు అందుకోవడమే వాడి పని. ఈ సాయంత్రమే మొదటిసారి ఒంటరిగా ర్యాప్ పాడబోతున్నాడు. పల్లవి వచ్చినప్పుడల్లా చేతులు పైకి విసిరితే వదులు చొక్కా రెక్కల్లా కొట్టుకోవాలి. అదీ వాడి స్టైలు. దుకాణంలో ఉన్న ఒక్క అద్దాన్నీ ఆ సాధన కోసం ఆక్రమించి కొలతలకొచ్చిన వాళ్లను విసిగించాడు.

"అసలు కొలత ఎప్పుడు తీశావు?"

"నిన్న మధ్యాహ్నం, నువ్వు నిద్రపోతుంటే. మెలకువలో ఒక్కచోట నిలబడి ఏడిస్తేగా!"

"పడుకున్నవాడి కొలతతో లేచి ఎగిరేవాడికి కుడతారా ఎవరైనా? మిగిలిన గుడ్డేది?"

అమ్మ నా వైపు చూసింది. నా వైపు కాదు, నా కింద ఉన్న దిండు వైపు. దిండుకు కొత్త గళ్ల గలీబు. పొద్దున్నించీ ఎంత మెత్తగా ఉందో అనుకుంటూ కూర్చున్నాను. ఇద్దరి మీదా ఒళ్లు మండింది. లేచి గలీబు కుట్లు విప్పసాగాను.

విప్పాక చూస్తే ఆ గుడ్డ చొక్కాని ఒక పక్క వదులు చేయడానికే సరిపోయింది. రెండో పక్కకి అమ్మ పసుపురంగు లైనింగు ముక్క తీసింది.

"ఎంత వదులు కావాలో నాకెలా తెలుస్తుంది? ఆ గంతులేవో వేసి చూపించు."

"గంతులు కాదమ్మా, పాట."

"పాటంటే వినగానే నోటికి రావాలి. నీది పప్పులో రాళ్లేరుతున్నట్టు ఉంటుంది. సరే, కానీ."

అన్నయ్య పాడాడు. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని అమ్మ వాడి చుట్టూ తిరిగింది. 'దారి ఇరుకు, నా అడుగు పెద్దది' అన్నచోట చేతులు లేచాయి, చంకల్లో కుట్లు పటపటమన్నాయి.

"మళ్లీ."

పాడాడు.

"చెయ్యి దించకు. మళ్లీ."

"అమ్మా, అక్కడికెళ్లేసరికి గొంతు మిగలదు!"

"గొంతు నీది, చొక్కా నాది. ఊఁ, మళ్లీ."

చివరికి చొక్కా విప్పించుకుని మిషను ముందు కూర్చుంది. అన్నయ్య గోడ గడియారం చూస్తూ నా దారపు ఉండని చిక్కు చేస్తున్నాడు. లాక్కున్నాను. అప్పుడు వినిపించింది, మిషను చప్పుడు కింద, సన్నగా. దారి ఇరుకు, నా అడుగు పెద్దది. అమ్మ జోలపాటలా సాగదీసి పాడుతోంది.

అన్నయ్య చెయ్యి గాలిలోనే ఆగింది.

"అమ్మా, అది అంత నిదానం కాదు."

"ఏది?"

"నువ్వు పాడుతున్నది."

"నేనేం పాడాను? దారం తెగింది, మాట్లాడించకు."

కుట్టు పూర్తయ్యాక వాడు చొక్కా వేసుకుని చేతులెత్తాడు. ఒక పక్క గళ్లు, ఒక పక్క పసుపు, రెండూ ఊగాయి. అద్దం వైపు చూడనైనా చూడకుండా పరిగెత్తాడు.

జారిపోతున్న ఆ చొక్కా భుజాల్ని అమ్మ వీధి మలుపు దాకా కళ్లు చికిలించి చూసింది.

"ఎవరైనా అడిగితే," అంది నాతో, "మన దగ్గర కుట్టింది కాదని చెప్పు."

మిషను మళ్లీ మొదలైంది. పాట కూడా. ఈసారి కాస్త వేగంగా.