తిరగేయని తివాచీ

యదుల్లా ఇనుప దువ్వెనతో ఆఖరి వరసను దబదబా కొట్టి కిందికి దించాడు. మిగిలిన ఉన్ని పోగులను కత్తెరతో సమం చేస్తున్నాడు. నలభై ఏళ్లుగా మగ్గం ముందు కూర్చుని వీపు గూనైపోయింది. చూపుడువేలికి నూలు కోసిన గాడి ఉంది, అందులో గోధుమగింజను నిలబెట్టొచ్చని ఊళ్లో అంటారు. ఆయన ముడులు వేసే జోరు చూసి గొర్రెలు తమంతట తామే ఉన్ని విడిచేసి, చలికి వణుకుతూ ఇంటికి పోయేవని కూడా అంటారు. ఇరాన్‌లో బిర్జంద్ పట్నం దాపునున్న ఆ పల్లెలో కోతలకు పన్ను లేదు.

ఆ కోతలే ఆయన కొంప ముంచాయి. చలికాలం మొదట్లో ఓ రోజు, ఊరి స్నానశాలలో ఒంటి మీద తువ్వాలు తప్ప మరేమీ లేని వేళ, పక్కింటి బరాత్ ఎకసెక్కమాడాడు.

"నీ వేళ్లు ముసలివైపోయాయిరా యదుల్లా. నౌరోజ్ పండక్కి నా తివాచీ మగ్గం దిగుతుంది. నీది పుచ్చకాయల నాటికి దిగుతుందేమో."

"నీకంటే వారం ముందు దించకపోతే మీసం గొరిగించుకుంటా."

మీసం దక్కింది. ఎలా దక్కిందో ఆయనకూ, పక్కన కూర్చుని రెండో సగం నేసే భార్య తూబాకూ తెలుసు. రెండు పడుగు పోగులకొక ముడి వేయాల్సిన చోట, తన వైపు రెండు జానల మేర, నాలుగింటికొకటి వేశాడు. పైకి ఎర్రగా, నిండుగానే ఉంటుంది. పదేళ్లు తొక్కితే అక్కడ గోనెపట్టాలాంటిది బయటపడుతుంది. తూబా తన వైపు మాత్రం రెండింటికొకటే వేసుకుపోయింది.

ఇవాళ మషద్ నగరం నుంచి తివాచీల వ్యాపారి వుసూఖీ గారు కొనడానికి వస్తున్నారు.

"ఆయన అడక్కముందే చెప్పేస్తాను," అన్నాడు యదుల్లా పొద్దున రొట్టె తుంచుతూ.

"చెప్పు. స్నానశాలలో బాగానే ఆడిందిగా ఆ నోరు," అంది తూబా.

మధ్యాహ్నం ఆ ముసలి వ్యాపారి చేతికర్ర ఊతంగా మెట్లెక్కాడు. ఇకమీదట తన బదులు వచ్చే మేనకోడలు నాహీద్‌ను వెంట తెచ్చాడు. పడుగు తెంచి తివాచీని నేల మీద పరిచారు. నాహీద్ వంగి ఓ మూల పట్టుకుంది. చేతికర్ర అడ్డొచ్చింది.

"నిన్న పక్క ఊళ్లో ఏం చేశామమ్మా?"

"తడిగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూశాం మావయ్యా. పోగు కాల్చి వాసన చూశాం. చచ్చిన గొర్రె ఉన్ని కలిపారేమోనని పీకి చూశాం. తిరగేసి వెనకవైపు ముడులు లెక్కపెట్టాం."

"అవన్నీ ప్రతి ఇంట్లోనూ చెయ్యి. సొంత తమ్ముడి ఇంట్లోనైనా చెయ్యి. ఈ ఇంట్లో మాత్రం వద్దు. ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి కూడా తిరగెయ్యలేదు నేను."

యదుల్లా చెవులు కాలిపోయాయి. "అయ్యా, ఈసారి తిరగెయ్యండి," అన్నాడు.

"ఈ వయసులో నా చేత ఆ పాపం చేయిస్తావా?" వుసూఖీ గారు నవ్వారు. "అయినా ఇది అమ్మడానికి కాదు, నా గదిలోకి. డాక్టరు ఇక ఊళ్లు తిరగొద్దన్నాడు. మిగిలిన నడకేదో దీని మీదే నడుస్తాను."

తూబా టీ గ్లాసులు పెడుతూ మొగుడి వంక చూసింది. యదుల్లా నోరు తెరవబోయాడు. టీ తాగుతూ చప్పరించే పంచదార పలుకు పంటి కింద ఉంది. అది కరిగాక చెబుదామనుకున్నాడు. కరిగింది. ఇంకో పలుకు పెట్టుకున్నాడు.

తివాచీని చుట్టి వ్యానెక్కించారు. గుమ్మం దగ్గర ముసలాయన ఆగి, కోటు లోపలి జేబులోంచి ఇత్తడి అంచు భూతద్దం తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు.

"ముడులు లెక్కపెట్టేది. ఇక నాకేం పని దీంతో? నీ దగ్గరుంచుకో, గుర్తుగా."

వ్యాను లేపిన దుమ్ము అణిగేదాకా యదుల్లా వాకిట్లోనే నిలబడ్డాడు. వుసూఖీ గారు మళ్లీ ఆ దారిన రారు.

"కరిగిందా?" అని అడిగింది తూబా, ఖాళీ గ్లాసులు తీస్తూ.

ఆయన లోపలికొచ్చాడు. కిటికీ గట్టు మీద, భూతద్దం కింద చిక్కుకున్న ఒక్క ఎర్ర ఉన్ని పోగు, ఎండలో మోకు అంత లావుగా కనిపిస్తోంది.