గోడవైపు తిరిగిన వీపు

మధ్యాహ్నపు ఎండ ఆకుపచ్చ తెరలోంచి వడకట్టుకుని వచ్చి, గదిలో నీళ్ళలా నిలిచింది.

ఆ నీళ్ళలో ఒక వీపు.

మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని, గోడవైపు తిరిగి పడుకున్న మనిషి వీపు. ఆయన బస్సు కండక్టరు. జ్వరం. తల పగిలిపోయే నొప్పి. మెడ వంగడం లేదు. వెన్నులోంచి నీరు తీసి చూడాలి. తేటగా ఉంటే అందరికీ ఊపిరి. మబ్బుగా ఉంటే... మెదడు పొరల్లోకి చీము పాకినట్టే.

తీయవలసింది కొత్త డాక్టరు. ఆమెకిదే మొదటిసారి.

వెనక పెద్ద డాక్టరమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. ఆ వార్డులో అదొక పద్ధతి. నేర్పేవాళ్ళు సూది ముట్టుకోకూడదు. చూసేవాళ్ళకు దయలేనట్టు ఉంటుంది గానీ, ముట్టుకోకుండా ఉండటానికి ఎంత ఓర్పు కావాలో కట్టుకున్న ఆ చేతులకే తెలుసు.

కొత్త డాక్టరుకు ఒక గుణం ఉంది. పని మీద మనసు పెడితే నోరు మూతపడిపోతుంది. "దీన్ని పిలవడం కన్నా గోడను పిలవడం నయం" అని విసుక్కునేది వాళ్ళమ్మ.

తుంటి ఎముకల అంచు తడిమింది. అక్కణ్ణుంచి నడుము మధ్యకు వచ్చింది. ఎముకకూ ఎముకకూ నడుమ చిన్న పల్లం... వేలు అక్కడ ఆగింది. స్పిరిటు దూదితో తుడిచింది. తిమ్మిరి మందు ఎక్కించింది. పొడవాటి సూది అందుకుంది.

అన్నీ సరిగ్గానే చేసింది.

ఒక్క మాట మాట్లాడలేదు.

సూది లోపలికి దిగిందో లేదో — వీపు ఉలిక్కిపడింది. మొన ఎముకకు తగిలి ఆగిపోయింది.

"వెనక ఎవరెక్కారమ్మా, చెప్పాపెట్టకుండా?" అన్నాడు కండక్టరు, గోడతో.

ఆమె సూది బయటికి తీసేసింది. సిగ్గేసింది. అంతకన్నా భయం వేసింది. ఇక మీరే చేయండి అన్నట్టు పెద్ద డాక్టరమ్మ వైపు చూసింది.

కట్టుకున్న చేతులు విడివడలేదు.

"ఆయనకు నువ్వు కనపడవు కదమ్మా. గొంతైనా వినపడాలిగా. మాట్లాడు."

మాట్లాడింది. వేలు మళ్ళీ ఆ పల్లం మీద ఆనించింది. మాట మెల్లగా వచ్చింది.

"బాబాయ్, ఇది నా వేలు. ఇది కొత్త సూది. ఇప్పుడు కాస్త ఒత్తినట్టు ఉంటుంది. నొప్పేస్తే నోటితో చెప్పండి, నడుముతో చెప్పకండి."

"అంతా చెబుతావుగా?"

"అంతా చెబుతాను."

మాట ముందు నడిచింది. సూది వెనక నడిచింది. ఒక మాట — ఒక వెంట్రుకవాసి. ఇంకో మాట — ఇంకో వెంట్రుకవాసి. కండక్టరు జ్వరంలో ఎటో తేలిపోతున్నాడు, మధ్యలో "ఊఁ" అంటున్నాడు. ఆ "ఊఁ" కోసమే ఆమె చెబుతోంది. ఆమె మాట కోసమే వీపు వదులవుతోంది. ఎవరు ఎవరిని పట్టుకున్నారో తెలియడం లేదు.

లోపల ఎక్కడో ఒక పొర, పండు తోలులా, పట్టు వదిలింది.

నీటికి దారి ఇవ్వడానికి ఆమె సూది లోపలి సన్నని పుల్ల బయటికి లాగింది.

ఏమీ రాలేదు.

ఆకుపచ్చ వెలుగులో కాలం ఎటో కొట్టుకుపోయింది...

"కొంచెం తిప్పుతున్నాను, బాబాయ్."

"ఊఁ."

ఊరింది. ఒక చుక్క. సూది చివర నిండి, ఉబ్బి, గాజు గొట్టంలోకి జారింది.

బియ్యం కడిగిన నీళ్ళ రంగు.

ఆమె నోరు మళ్ళీ మూతపడింది.

"ఏమ్మా, ఆగిపోయావ్? వచ్చిందా?"

"వచ్చింది."

"ఎలా ఉంది?"

పెద్ద డాక్టరమ్మ వైపు చూసింది. ఆవిడ కళ్ళు చెప్పమన్నాయి. చేతులు మాత్రం అలాగే ఉన్నాయి.

"తేటగా లేదు, బాబాయ్. మబ్బుగా ఉంది. దీనికి మందు ఉంది, ఇప్పుడే మొదలుపెడతాం. ఎంతవరకు తగ్గుతుందో... నాకు తెలియదు."

సూది ఇంకా వెన్నులోనే ఉంది. ఉలిక్కిపడతాడేమోనని అరచేతిని వీపుకు ఆనించింది.

వీపు కదల్లేదు.

గోడవైపు నుంచి మాట వచ్చింది.

"సరే. సూది తీసేటప్పుడు కూడా చెప్పు."

"చెబుతాను, బాబాయ్."

సూది చివర ఇంకో చుక్క ఊరుతోంది...