ఎర్రమూత సీసా

బేరంలో బీహుయ్ ఎప్పుడూ ముందు నోరు విప్పేది కాదు. జియాయీ ఊరి సాయంత్రపు బజారులో తన బండి ముందు ఆగిన మనిషి ఏం కొంటాడో, మళ్ళీ వస్తాడో రాడో, అతను బుట్ట చేతిలోకి తీసుకునే తీరు చూసి తేల్చేసేది. ఆమె అమ్మేవి గుడ్లు, టోఫు, బాతు రెక్కలు, పంది చెవులు, సముద్రపు నాచు. అన్నీ ఒకే నల్లటి సోయా రసంలో ఉడకాలి. ఆ రసం వయసు ఆమె కాపురం వయసు కంటే ఎక్కువ. అత్తగారు పెట్టిన కుండ అది. రోజూ మరిగించడం, తగ్గినంత కలపడం, పెరుగుకి తోడు దాచినట్టు కొంత మిగల్చడం. పొయ్యి ఆరినా కుండ మాత్రం ఎన్నడూ ఖాళీ కాలేదు.

ఆ రసంలో పడేవి చాలావరకు ఎవరైనా రుచి చూసి పోల్చుకోవచ్చు. ఒక్కటి తప్ప. తొక్క తీయని చెరుకు ముక్కను నిప్పుల మీద నల్లగా కాల్చి అడుగున వేయాలి. అది లేకపోతే రసం కొన్నాళ్ళకే పులుస్తుంది, రుచి పలచబడుతుంది. చెరుకు కాల్చేటప్పుడు అత్తగారు వెనక తలుపు వేసుకునేది. ఆవిడ పోయాక బీహుయ్ కూడా వేసుకునేది. ఆ తలుపు లోపలికి రానిచ్చింది ఒక్కగానొక్క కూతురు యీరోంగ్‌ని మాత్రమే.

ఇంత ఆచితూచి బతికిన మనిషి తూకం పక్కన పెట్టింది ఒక్క సూయున్ దగ్గరే.

పెళ్ళికి ముందు ఇద్దరూ చెప్పుల ఫ్యాక్టరీలో పక్కపక్క మిషన్ల మీద పనిచేశారు. ఒకే అద్దె గదిలో, ఒకే దోమతెరలో పడుకున్నారు. పెళ్ళిళ్ళయ్యాక సూయున్ తైచుంగ్ వెళ్ళిపోయింది. అయినా ఏటా ఎండాకాలంలో రెండు కుటుంబాలూ పెంగ్హు దీవిలో కలుసుకోవలసిందే. అదే ఒడ్డు, అదే అద్దె ఇల్లు, అదే రాయి మీద నిలబడి అదే ఫొటో. సూయున్ ఎర్రమూత ఉన్న పెద్ద గాజు సీసా నిండా ఉప్పులో ఊరిన పుల్లటి ప్లమ్ పళ్ళు తెచ్చేది. వెళ్ళేటప్పుడు అదే సీసా నిండా బీహుయ్ రసం పోసిచ్చేది, పిల్లల అన్నంలోకని. ఒకరి గిన్నె మరొకరి ఇంటి నుంచి ఖాళీగా తిరిగి రావడమంటే ఆ ఇంటితో పొత్తు తెంచుకోవడమే. ఆ సీసా ఇన్నేళ్ళలో అటుగానీ ఇటుగానీ ఒక్కసారీ ఖాళీగా వెళ్ళలేదు.

ఈ ఏడూ బుడాయ్ రేవులో ఓడ ఎక్కారు. పెద్ద కుండను మరిదికి అప్పగించి, దారిఖర్చుకి తీసినట్టు ఒక చిన్న గిన్నెడు రసం వెంట తెచ్చుకుంది బీహుయ్. ఓడ ఊగినంతసేపూ దాన్ని పాదాల మధ్య పెట్టుకుని కూర్చుంది.

"గిన్నెకి కూడా టిక్కెట్టు తీశావా అక్కా?" అంది సూయున్.

"తీసేదాన్నే. మీ బావగారికి తీయడం దండగనిపించింది."

బీహుయ్ భర్త వెన్తు కళ్ళు మూసుకుని వాంతి ఆపుకుంటున్నాడు. ఆ మాటకు ఒక చెయ్యెత్తి ఊపాడంతే. అందరూ నవ్వారు. సూయున్ చేతులకు మోచేతులు దాటేదాకా గుడ్డ తొడుగులున్నాయి. ఎండకు ఆడవాళ్ళందరూ తొడుక్కునేవే కనుక బీహుయ్ వాటివైపు మళ్ళీ చూడలేదు.

ఆ సాయంత్రం ఇంటి ముందు బల్ల వేసుకుని తింటున్నారు. సూయున్ చిన్నకూతురు నీనీకి తొమ్మిదేళ్ళు. టోఫు ముక్క నోట్లో వేసుకుని తల ఊపింది.

"పెద్దమ్మా, నీదీ మాదీ ఒకటే రుచి. మా కొట్లో అయితే అమ్మ ఇంకా లావుగా కోస్తుంది."

సూయున్ మొగుడు యావ్‌పింగ్ అవసరమైన దానికంటే గట్టిగా నవ్వాడు. "తిను, తిను. తింటూ మాట్లాడితే ముల్లు దిగుతుంది."

"టోఫులో ముల్లెక్కడిది నాన్నా?"

"ఏ కొట్టే?" అని అడిగింది బీహుయ్.

"కొట్టా పాడా!" అంది సూయున్. "బళ్ళో జాతర పెట్టారక్కా. ఒకరోజు నువ్విచ్చిన రసంలో నాలుగు గుడ్లు ఉడికించి అమ్మాను. అది దానికి కొట్టయి కూర్చుంది."

యీరోంగ్ తల వంచుకుని గుడ్డుకి లేని పెంకు ఒలుస్తోంది. బీహుయ్ ఇంకో ముక్క నీనీ గిన్నెలో వేసింది. ఎదుటి మనిషి మొదటి ధర చెప్పాక వెంటనే బదులు చెప్పడం ఆమెకు అలవాటు లేదు.

పొద్దున్నే నీళ్ళు వెనక్కి తీశాయి. అందరూ బురదలో ఆల్చిప్పలు తవ్వి బకెట్లకెత్తారు. మగవాళ్ళు నీనీని తీసుకుని బ్రహ్మజెముడు పండు ఐసు కొనడానికి వెళ్ళారు. యీరోంగ్ రెండో బకెట్ కోసం ఒడ్డుకు వెళ్ళింది. ఆడవాళ్ళిద్దరూ ఇంటి వెనక కుళాయి దగ్గర కూర్చుని ఆల్చిప్పలు కడుగుతున్నారు. తొడుగులు తడిసి బరువెక్కితే సూయున్ మరిచిపోయి పైకి లాక్కుంది.

గోళ్ళ చుట్టూ తేనెరంగు మరక. సబ్బుకు పోని ఆ మరక బీహుయ్ గోళ్ళకీ ఉంది. ముంజేతుల మీద మూత ఎత్తినప్పుడు ఆవిరి తగిలిన మచ్చలు. కొన్ని ఎర్రగా, కొన్ని మాని గోధుమరంగులో, వాటి మీద మళ్ళీ కొత్తవి. పొయ్యి మనిషికి ఆ మచ్చలు చదవడం రాకపోదు.

"ఇవన్నీ ఒక్కరోజు జాతరలో పడ్డవేనా?"

సూయున్ తొడుగు కిందికి లాక్కుంది. కుళాయి కట్టలేదు. నీళ్ళు బకెట్ దాటి పోతున్నాయి.

"యావ్‌పింగ్ వాళ్ళ ఫ్యాక్టరీ మూసేశారక్కా. నీకు చెబుదామనే ఉండింది."

"ఎప్పట్నించి నడుస్తోంది కొట్టు?"

"పోయిన చలికాలం నుంచి."

"కొత్త సంవత్సరానికి ఫోన్ చేసి, తోచడం లేదక్కా, గోళ్ళు గిల్లుకుంటున్నానన్నావు. గిల్లుకున్నది ఈ గోళ్ళేనా?"

"నేనేం దొంగిలించలేదు. ఫ్రీజర్‌లో దాచుకున్నదే. నీ చేత్తో నువ్వే పోసిచ్చావు."

"పోశాను. పిల్లల అన్నంలోకి."

"అడిగితే ఇచ్చేదానివా?"

బీహుయ్ నిజంగానే ఆలోచించింది. "ఇచ్చేదాన్ని. తైచుంగ్‌లో నాకేం బేరం? నేనే వచ్చి నీ కుండ పొయ్యెక్కించి, దగ్గరుండి నేర్పేదాన్ని."

"అదే మరి," అంది సూయున్. "నేర్పేదానివి. మిషన్ మీద కుట్టు నువ్వే నేర్పావు. పిల్లకి పాలెలా పట్టాలో నువ్వే నేర్పావు. నేను చచ్చేదాకా నేర్చుకుంటూనే ఉండేదాన్ని."

బీహుయ్‌కి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. కానీ ఆమె మనసు అప్పటికే ఇంకో లెక్కలో పడింది. సీసాడు రసంతో కుండ పెట్టవచ్చు. నిలబెట్టలేరు. చలికాలంలో పెట్టిన కుండ ఎండాకాలం దాకా పులవకుండా నిలిచిందంటే, పిల్ల నాలుకకు తేడా తెలియలేదంటే, దాని అడుగున పడవలసింది పడుతోంది.

"చెరుకు సంగతి నీకెవరు చెప్పారు?"

సూయున్ చూపు బీహుయ్ భుజం మీదుగా వెనక్కి పోయింది. అక్కడ యీరోంగ్ బకెట్ పట్టుకుని నిలబడి ఉంది.

"నేనే చెప్పానమ్మా."

బీహుయ్ వెనక్కి తిరగలేదు. "ఫోన్లోనా?"

"వెళ్ళి చూపించాను. సోమవారాలు."

సోమవారం బండికి సెలవు. కిందటేడు నుంచి ప్రతి సోమవారం యీరోంగ్ కేకుల క్లాసుకని తైచుంగ్ వెళ్ళి వస్తోంది.

"మరి నువ్వు తెచ్చే కేకులు?"

"స్టేషన్ దగ్గర కొనేదాన్ని."

"నా కూతురు చేసిందని బజారంతా పంచిపెట్టానే!"

"వద్దన్నాను కదమ్మా. అందరికీ ఎందుకు, అన్నాను కదా."

"సిగ్గుపడి అన్నావనుకున్నాను."

యీరోంగ్ బకెట్ కింద పెట్టింది. "చిన్నప్పట్నుంచి గుడ్లు ఒలుస్తున్నాను. టోఫు కోస్తున్నాను. తలుపు వేసి చెరుకు చూపించావు, సరే. ఒక్కరోజైనా ఉప్పు చూడమన్నావా? గరిటె ముట్టుకుంటే చెయ్యి మీద కొట్టావు."

"కుండ చెడితే మళ్ళీ రాదే!"

"పిన్ని మొదటిరోజే గరిటె నా చేతిలో పెట్టింది."

అంతలో నీనీ మూతంతా ఊదారంగు ఐసు పూసుకుని పరిగెత్తుకొచ్చింది. బీహుయ్ ఆ పిల్ల మూతి తుడుస్తూ మామూలు గొంతుతో అడిగింది.

"మీ కొట్టు బోర్డు మీద ఏం రాశారమ్మా?"

నీనీ బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు చెప్పింది. "అమ్మమ్మ పాత కుండ! జియాయీలో మూడు తరాల రుచి! అమ్మమ్మ బొమ్మ కూడా ఉంది పెద్దమ్మా, ముడి చుట్టుకుని, గరిటె పట్టుకుని."

"పో, కాళ్ళు కడుక్కో," అని దాన్ని పంపించి బీహుయ్ లేచి సూయున్ వైపు తిరిగింది. "మీ అమ్మ బతికినన్నాళ్ళూ బట్టలు కుట్టింది. గరిటె పట్టింది మా అత్త. రసం పట్టుకుపోయావు, పిల్లను పట్టుకుపోయావు. పోయిన మనిషిని కూడా వదల్లేదా?"

"అక్కా…"

"చిప్పలు కడుగు. మధ్యాహ్నానికి వాసన కొడతాయి."

ఇంకా రెండు రోజుల సెలవు మిగిలి ఉంది. పిల్ల ముందు పెద్దవాళ్ళు పోట్లాడుకోకూడదు కనుక ఎవరూ పోట్లాడుకోలేదు. ఆల్చిప్పలు బాగున్నాయన్నారు. గాలి బాగుందన్నారు. విషయం విన్న వెన్తు తువ్వాలుతో మొహం తుడుచుకుని, "దూరపు ఊరు కదా, మన గిరాకీ తగ్గదులే," అన్నాడు. బీహుయ్ అతనివైపు చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో అతనికి అర్థమైంది గిరాకీ ఒక్కటే. రాయి మీద ఫొటో కూడా దిగారు. బీహుయ్ తన చోటులోనే, సూయున్ పక్కనే నిలబడింది. నవ్వమంటే నవ్వింది.

చివరి పొద్దున గిన్నెలో మిగిలిన రసమంతా వేడి అన్నం మీద పోసింది. నీనీకి, యావ్‌పింగ్‌కి, వెన్తుకి, సూయున్‌కి కూడా. యీరోంగ్ గిన్నెలో అందరికంటే ఎక్కువ పడింది. గరిటెతో గీరి, చూపిస్తున్నట్టు గిన్నె వంచింది. చుక్క మిగల్లేదు. సూయున్ తెచ్చిన ప్లమ్ పళ్ళను అద్దె ఇంటి ముసలమ్మకు ఇచ్చేసింది. ఎర్రమూత సీసాను వేడినీళ్ళతో కడిగి, వాసన పోయేదాకా ఎండలో బోర్లించింది.

బుడాయ్ రేవులో దిగాక కారు దగ్గర ఆ సీసాను సూయున్ చేతికిచ్చింది. బరువుందనుకుని సూయున్ రెండు చేతులూ చాపింది. అందుకున్నాక చేతులు ఒక్కసారిగా పైకి లేచాయి. మూత బిగించి ఉంది. లోపల ఏమీ లేదు. సూయున్ మొహంలోకి ఏడుపు వస్తూండగా బీహుయ్ పక్కకు తిరిగింది.

"యీరోంగ్, రేపటి కుండలో ఉప్పు నువ్వు చూడు."

కొనేవాడు పక్క బండి దాకా నడిచాక ధర తగ్గించి పిలిస్తే ఏమవుతుందో ఆమెకు తెలియంది కాదు. అయినా పిలిచింది. జన్మలో మొదటిసారి, ముందుగా తనే నోరు విప్పింది.

యీరోంగ్ కళ్ళు నిండాయి. "ఈ వారమంతా అక్కడ ఉంటానని పిన్నికి మాటిచ్చానమ్మా. సోమవారం వస్తాను. బట్టలకి."

"కేకు తేకు," అంది బీహుయ్.

కారు వెనకసీట్లో నీనీ పక్కన యీరోంగ్ కూర్చుంది. సీసా ఎక్కడ పెట్టాలో తెలియక సూయున్ ఆమె ఒళ్ళోనే పెట్టింది. కారు మలుపు తిరిగేదాకా ఆ ఎర్రమూత అద్దంలోంచి కనబడుతూనే ఉంది.

మర్నాడు బీహుయ్ మరిది దగ్గర్నుంచి కుండ తెచ్చుకుంది. రుచి చూసింది. చెడలేదు. గుడ్లు వెన్తు ఒలిచాడు, సగం గుంటలు పడేలా. నిప్పులు రాజేసి చెరుకు ముక్క పట్టుకారుతో పట్టుకుంది. తొక్క చిటపటలాడి నల్లబడింది. తీపి పొగ లేచి సందులోకి పోయింది. అటుగా పోతున్న పండ్లబండి అతను ఆగి, "ఏం కాలుస్తున్నావక్కా, ఇంత కమ్మగా?" అని అడిగాడు.

వెనక తలుపు బార్లా తెరిచే ఉంది. లేచి వేద్దామని చెయ్యి చాపింది. ఇక ఎవరి నుంచి దాచాలో తెలియక, చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"చెరుకు," అంది.