రెండు ఎడమ సింహాలు

ముప్ఫై రెండేళ్లు బస్సు నడిపి ఎవరి బండికీ చిన్న గీత కూడా పెట్టని మనిషి, రిటైరైన పదకొండో రోజున బట్టల బీరువాను రివర్సులో తీసుకొస్తూ సింహాన్ని గుద్దేశాడు.

సింహమంటే అడవిలోది కాదు. టైలరమ్మా, ఆమె మొగుడు డ్రైవరుగారూ అద్దెకుంటున్న ఇంటి గుమ్మానికి అటొకటి ఇటొకటి రెండు స్తంభాలున్నాయి. ఒక్కో స్తంభానికి గుమ్మడికాయంత ప్లాస్టర్ సింహం తల, జూలుతో సహా. డ్రైవరుగారు బీరువా ఒక చివర పట్టుకుని, "రానీ, రానీ, రైట్" అని తనకు తానే చెప్పుకుంటూ వెనక్కి నడిచాడు. కుడిస్తంభం సింహం నేలమీదికి దూకి నలభై ముక్కలైంది.

"హారన్ కొట్టాల్సింది," అంది టైలరమ్మ.

ఇల్లుగలాయన ఉండేది ఆ వీధి చివర్లోనే. అద్దెవాటాలో గరిటె కింద పడ్డా ఆయనకు వినబడుతుందంటారు. ఇక సింహం పడితే చెప్పాలా. ఒక కాలికి తన చెప్పూ, రెండో కాలికి భార్య చెప్పూ వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. వెనకాల అందరూ ఆయన్ను సింహంగారనే అంటారు, ఆయన నోరు తెరిస్తే వచ్చేది ఆ సింహాల కథే కాబట్టి. వాటిని వాళ్ల తాత ఓడలో తెప్పించాడట. దారిలో తుఫాను వచ్చి, బరువు తగ్గించకపోతే మునుగుతామని ఓడవాళ్లు గోలపెడితే, తాత తన బట్టల పెట్టెలన్నీ సముద్రంలో పారేసి సింహాలను కాపాడాడట. ఇది మొదట్లో చెప్పిన కథ. రెండేళ్ల తర్వాత చెప్పినప్పుడు పారేసింది పెట్టెల్ని కాదు, వంటవాణ్ణి. పక్కవాటా గడియారాల మెకానిక్కు అంచనా ప్రకారం, ఇంకో నాలుగేళ్లు ఆగితే ఓడ మొత్తం మునిగి తాత సింహాల మీద కూర్చుని ఒడ్డుకు తేలతాడు.

"నువ్వేం చేస్తావో నాకు తెలీదమ్మా," అన్నాడు ఇల్లుగలాయన. "ఇవాళ్టికి పదో రోజున ఇదే చోట అచ్చం అదే సింహం ఉండాలి. వెంట్రుక తేడా ఉండకూడదు. ఉందా, ఖాళీ చెయ్యాలి."

ఆయన ఏడుపు సింహం కోసం కాదని వాటాల్లో అందరికీ తెలుసు. ఆయన బావమరిదికి ఫోన్ల కొట్టు పెట్టుకోవడానికి వీధి ముఖం ఉన్న గది కావాలి. ఆ గదిలో పంతొమ్మిదేళ్లుగా టైలరమ్మ కుట్టుమిషను ఉంది. ఆమె చిరునామా అదే, ఆమె బోర్డు అదే, ఆమె బతుకంతా అదే. ఈ వయసులో ఇంకో వీధికెళ్లి, కొత్త మనుషుల భుజాలు కొలిచి మళ్లీ మొదటినుంచీ పేరు తెచ్చుకోవడం ఆమె వల్ల కాదు.

"పెడితే?" అంది.

"ఏంటి పెడితే?"

"వెంట్రుక తేడా లేకుండా పెడితే, మళ్లీ ఖాళీ మాట ఎత్తరుగా?"

ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. "పెడితే నీ మునిమనవలు వచ్చేదాకా ఉండు. ఎవరొద్దన్నారు?"

టైలరమ్మ చుట్టూ చూసింది. మేడమీది నర్సమ్మ మెట్ల మీద నిలబడి ఉంది. మెకానిక్కు కంటికి భూతద్దం తగిలించుకునే బయటికొచ్చాడు. "నర్సమ్మా, విన్నావుగా. అన్నయ్యా, మీరూ విన్నారుగా." ఇద్దరూ తలూపారు.

టైలరమ్మకు అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, బొత్తాల నుంచి. కోటుకి ఆరు బొత్తాల్లో ఒకటి పోతే, అలాంటిది బజారంతా తిరిగినా దొరకదు. మిగిలిన అయిదింట్లో ఒకదానికి అచ్చు తీసి, ఆరోది ఆవిడే ఇంట్లో పోసి ఇస్తుంది. దానికామె వాడేది సింకుల అంచులకు పూసే సిలికాన్. గిన్నెడు నీళ్లలో అంట్లు తోమే సబ్బు కలిపి, అందులో ఆ సిలికాన్ పిండి, చేతికి తొడుగు వేసుకుని పిసికితే, జిగురంతా పోయి రొట్టెపిండిలా ముద్దవుతుంది. వాజలైన్ రాసిన బొత్తాన్ని ఆ ముద్దలో అద్ది గంట ఆగితే రబ్బరు అచ్చు తయారు. ఆ అచ్చులో పోసిన బొత్తానికీ అసలుదానికీ తేడా పట్టినవాడు ఇంతవరకూ పుట్టలేదు.

"బొత్తం వేరు, సింహం వేరు," అన్నాడు డ్రైవరుగారు.

"పెద్ద బొత్తం అనుకోండి," అంది.

హార్డువేర్ కొట్టాయన పద్నాలుగు సిలికాన్ ట్యూబులు లెక్కపెట్టి ఇస్తూ, "ఎన్ని సింకులమ్మా మీ ఇంట్లో?" అని అడిగాడు. 

ఎడమస్తంభం మీద మిగిలిన సింహానికి టైలరమ్మ ముక్కుపుటాల నుంచి జూలు మడతల దాకా వాజలైన్ రాసింది. బకెట్టులో సిలికాన్ పిసికి ముద్ద తర్వాత ముద్ద అద్దుకుంటూ పోయింది. ఆ సిలికాన్ ఆరేటప్పుడు పుల్లటి ఘాటు వాసన వేస్తుంది. ఆ వాసనకి మెకానిక్కు మూడేళ్ల జలుబు మూడు నిమిషాల్లో వదిలిందనీ, ఆ వీధి పిల్లులు సామాను సర్దుకుని పక్కవీధికి మారాయనీ చెప్పుకుంటారు. పిల్లుల సంగతి నిజమే.

అచ్చు ఊడదీసి, వెల్లకిలా పెట్టి, ప్లాస్టర్ కలిపి పోసింది. మర్నాడు తీసి చూస్తే సింహానికి ఒక బుగ్గ పొంగి ఉంది. బొత్తానికి చాలిన రబ్బరు, ఇంత బరువుకి పక్కలకి జారిపోయింది.

"పాపం, పన్ను నొప్పి," అన్నాడు డ్రైవరుగారు.

"గుద్దినవాళ్లు మాట్లాడకూడదు," అంది టైలరమ్మ.

నర్సమ్మ డ్యూటీకి వెళ్తూ ఆగి చూసింది. "అక్కా, విరిగిన చెయ్యి కదలకుండా మేమేం చేస్తాం? కట్టు వేస్తాం కదా. దీనికీ వెయ్యి."

దారి తెలిసింది. టైలరమ్మ అచ్చును మళ్లీ స్తంభం మీది సింహానికే తొడిగి, పాత దుప్పటి పీలికల్ని ప్లాస్టర్‌లో ముంచి దానిపైన పొరలు పొరలుగా చుట్టింది. ఆరాక అదొక గట్టి పెంకయింది. ఇక రబ్బరు ఎటూ జారలేదు. ఊడదీసి లోపలికి తొంగిచూసింది. గుంటలో సింహం ముఖం తల తిప్పి ఆమెనే చూస్తున్నట్టుంది.

"చూడండి, పోయినదాని పోలికే," అంది మొగుడితో. "అదే మెడ తిప్పడం."

డ్రైవరుగారు కూడా తొంగిచూసి అవునన్నాడు.

ఈసారి ముందు పల్చటి ప్లాస్టర్‌ను కుంచెతో మూలమూలకీ పట్టించి, గాలి బుడగలు పోయేలా తట్టి, తర్వాత చిక్కటిది పోసింది. గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది కదా, దానిమీద చెయ్యి పెట్టి, జ్వరం చూసినట్టు చూస్తూ కూర్చుంది. ఏడో రోజు పొద్దున్నే ఇద్దరూ కలిసి దాన్ని కుడిస్తంభంలో మిగిలిన ఇనపచువ్వకి ఎక్కించి, వెనక ప్లాస్టర్ నింపి, రంగు వేశారు. చుట్టుపక్కలవాళ్లు మూగి నోళ్లు వెళ్లబెట్టారు. టైలరమ్మ దూరం నుంచి చూద్దామని వీధి దాటి అవతలి పక్కకెళ్లి వెనక్కి తిరిగింది.

తన కుడిచెయ్యి ఎత్తి చూసుకుని, ఎడమచెయ్యి ఎత్తి చూసుకుంది.

పాత సింహాలు రెండూ గుమ్మం వైపు తల తిప్పి, ఒకదాన్నొకటి చూసుకునేవి. ఇప్పుడు ఎడమది గుమ్మాన్ని చూస్తోంది. కుడిది గుమ్మానికి జూలు చూపించి, పక్కనున్న మురుగుకాలవను చూస్తోంది. ఎడమదానికి తీసిన అచ్చులోంచి ఎడమదే వస్తుంది. గుంటలో చూసినప్పుడు అన్నీ తారుమారుగా కనబడతాయని, బట్ట తిరగేసి చూడటమే వృత్తి అయిన మనిషి మర్చిపోయింది. ముప్ఫై ఏళ్లలో ఒక్క చొక్కాకి కూడా రెండు ఎడమ చేతులు కత్తిరించలేదు. ఈ పాడు బొత్తాలు, వాటికి కుడీ ఎడమా ఉండి చస్తేగా.

వీధి దాటి వచ్చేసరికి ఇల్లుగలాయన దిగబడ్డాడు. మూర దారం, టార్చిలైటు, పక్కన టేపు పట్టుకుని బావమరిది. అన్నీ కొలిచాడు. మెకానిక్కు భూతద్దం అరువు తీసుకుని, ఈ జూలు ఉంగరాలు లెక్కపెట్టి, ఆ జూలు ఉంగరాలు లెక్కపెట్టి, మళ్లీ ఇటొచ్చాడు. టైలరమ్మ చేతికంటిన రంగు కొంగుకి తుడుచుకుంటూ నిలబడింది.

"ఏమంటారండీ?" అన్నాడు మెకానిక్కు. "వెంట్రుక తేడా ఉందా?"

ఇల్లుగలాయన భూతద్దం ఆయన చేతిలో పెట్టేశాడు. "లేదు," అన్నాడు చివరికి.

"గట్టిగా చెప్పండి, నర్సమ్మ పై మెట్టు మీదుంది."

"లేదన్నాగా. ఉండండి, ఎవరొద్దన్నారు." అని ఊరుకుంటే ఆయన సింహంగారెందుకవుతాడు. "అయినా ఇందులో నీ గొప్పేముందిలే. మా తాత సింహం ఉంది కాబట్టి అద్ది తీశావు. బొత్తాలు చేసుకునే చేతులకి అంతకంటే ఏం వస్తుంది?"

గదికేం ప్రమాదం లేదు. నోరు మూసుకుంటే చాలు. డ్రైవరుగారు ఆమె ముఖం చూసి, బ్రేకు తొక్కబోయినవాడిలా కాలు నేలకేసి నొక్కాడు కూడా.

"తేడా ఉందండీ," అంది టైలరమ్మ. "మీకు కనబడలేదు."

"ఏంటది?"

"పోయిన సింహం ఇటు చూసేది, గుమ్మం వైపు. ఇది అటు చూస్తోంది. అరవై ఏళ్లుగా దాని కిందనుంచి నడుస్తున్నారు, మీ తాత సింహం ఎటు చూసేదో మీకు తెలీదు."

ఇల్లుగలాయన రెండడుగులు వెనక్కేసి ఇటూ అటూ చూశాడు. ముఖం చింకి చేటంత అయింది. "అయితే అచ్చం అదే కాదు. ఖాళీ చెయ్యి."

"చెయ్యను. మీరు కొలిచారు, లెక్కపెట్టారు, లేదన్నారు. నలుగురూ విన్నారు. ఆ బేరం అక్కడికి సరి." టైలరమ్మ లోపలికెళ్లి సుత్తి తెచ్చింది. "ఇక దీని సంగతంటారా. ఇది నా తప్పు. నా గుమ్మానికి నా తప్పు వేలాడటం నాకిష్టం లేదు."

"వద్దే," అన్నాడు డ్రైవరుగారు. "మనకున్న సాక్ష్యం అదొక్కటే."

"సాక్ష్యం మనుషులండీ, ప్లాస్టర్ కాదు," అంది. నాలుగే దెబ్బలు కొట్టింది. వారం రోజుల పని మెట్ల మీద పడింది. ఇల్లుగలాయన చెవులు మూసుకున్నాడు. బావమరిది టేపు జారవిడిచాడు.

"పదో రోజున వస్తా," అన్నాడు ఇల్లుగలాయన.

మిగిలింది మూడు రోజులు. ఈసారి టైలరమ్మ అచ్చులో ప్లాస్టర్ పొయ్యలేదు. బంకమన్ను కూరింది. మెత్తటి సింహం వచ్చింది, ఎడమదే. దాన్ని వంటింటి బల్ల మీద పెట్టి, బొత్తాలు కుట్టే గట్టి దారం రెండు కొసలూ చేతులకు చుట్టుకుని, మెడ దగ్గర పెట్టి ఒక్క లాగు లాగింది. తల తెగింది.

"ఎటు తిప్పమంటావు?" అన్నాడు డ్రైవరుగారు, రెండు చేతులతో తల పట్టుకుని.

"ఎడమకి. ఇంకా. ఇంకాస్త. ఆపండి."

"రైట్," అన్నాడాయన.

"లెఫ్ట్," అంది ఆమె.

మెడ దగ్గర జూలంతా చెదిరిపోయింది. ఇటు తిరిగిన మెడకి చూసి అద్దడానికి సింహం లేదు, అచ్చు లేదు. చెంచా కాడతో, దువ్వెనతో, పాత కత్తెర మొనతో తనకు తోచినట్టు దిద్దుకుంటూ పోయింది. మొదటి ఉంగరాన్ని మూడుసార్లు చెరిపింది. పదో ఉంగరానికి, తాత సింహం జూలు ఇలా ఎందుకుంది, గాలి ఎటు వీస్తోంది అనుకుంది. ఇరవయ్యో ఉంగరానికి అనుకోవడం మానేసి తన లెక్కన పెట్టుకుంది. కనుబొమ్మలు కాస్త పైకెత్తింది. కావాలనే ఎత్తింది. తర్వాత ఆ మట్టి సింహానికి మళ్లీ సిలికాన్, మళ్లీ కట్టు, మళ్లీ ప్లాస్టర్. అచ్చులోకి చూసినప్పుడు ముఖం తప్పువైపు తిరిగి ఉంది. అంటే సరిగ్గా ఉన్నట్టు.

పదో రోజు మధ్యాహ్నం ఇల్లుగలాయన బావమరిదితో సహా వచ్చాడు. రెండు సింహాలూ గుమ్మం మీదుగా ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. ఆయన కొత్తదాని ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఇది మా తాత సింహంలా లేదు."

"లేదండీ. ఇది నాది."

"జూలు వేరు. కనుబొమ్మలు వేరు. చూపు మరీ పొగరుగా ఉంది."

"ఇవాళ అన్నీ కనబడుతున్నాయే," అంది టైలరమ్మ. "మొన్న తలకాయే తిరిగిపోయినా కనబడలేదు."

మెకానిక్కుకి దగ్గొచ్చింది, జలుబు వదిలినా.

"తీసెయ్," అన్నాడు ఇల్లుగలాయన.

"నేను తియ్యను. మీరడిగింది పెట్టాను, ఒప్పుకున్నారు, అయిపోయింది. ఇది నా ఇష్టంతో నా చేత్తో చేసింది. మీకు అడ్డమైతే మీరే తియ్యండి." సుత్తి పిడి ఆయన వైపు తిప్పి పట్టుకుంది.

ఆయన సుత్తి తీసుకున్నాడు. నర్సమ్మ నాలుగు మెట్లు దిగింది. డ్రైవరుగారు వచ్చి పెళ్లాం పక్కన నిలబడ్డాడు. టైలరమ్మ కదల్లేదు, కళ్లు దించలేదు. ఇల్లుగలాయన సుత్తిని ఛాతీ దాకా ఎత్తి, అక్కడే ఉంచాడు. సింహం కనుబొమ్మలెత్తి ఆయన్నే చూస్తోంది. ఊరికే చూడటం లేదు, ఇదివరకు ఎక్కడైనా చూశానా అన్నట్టు చూస్తోంది.

"పోదాం పద బావా," అన్నాడు బావమరిది మెల్లగా. "పొద్దస్తమానం దీని కింద కూర్చుని ఫోన్లమ్మడం నా వల్ల కాదు."

ఇల్లుగలాయన సుత్తిని మెట్టు మీద పెట్టేశాడు. వెళ్తూ వెళ్తూ, ఇల్లు తనదేనని గుర్తొచ్చి వెనక్కి తిరిగాడు. "మెట్ల మీద ప్లాస్టర్ మరకలున్నాయి. కడుగు."

"తీరినప్పుడు కడుగుతానండీ," అంది టైలరమ్మ. వీధిగది తలుపు రెక్కలు రెండూ బార్లా తెరిచి, లోపలికెళ్లి మిషను ముందు కూర్చుంది.