పురుగులకు జ్వరం

మా సంబంధం మాట్లాడటానికి వచ్చిన పెద్దమనిషి మా నాన్నతో, "కుర్రాడు బుద్ధిమంతుడండీ. నోట్లో నాలుక లేనివాడు. రోజూ పొద్దున్నే వెళ్ళి మందు కొడతాడు" అన్నాడట. మా నాన్న కాఫీ గ్లాసు అక్కడే పెట్టేసి లేచిపోయారు. మందంటే తాగే మందు కాదనీ, తోటల్లో పురుగులకి కొట్టే మందనీ ఆ పెద్దమనిషి వీధి చివరిదాకా వెంటపడి చెప్పుకోవాల్సి వచ్చింది.

ముప్పై ఏళ్ళు ఆ కథ చెప్పుకుని నవ్వుకున్నాం. ఇప్పుడు నాకు అంతగా నవ్వు రావడం లేదు. ఆయన కొట్టిన మందు సగం తోటల మీద పడితే, సగం ఆయన ఛాతీలోకే పోయింది.

నా విషయంలో మాత్రం ఆయన ఎంత జాగ్రత్తో చెప్పలేను. ఎవరి తోటకి పనికి వెళ్ళినా, తిరిగొచ్చి బయట కుళాయి దగ్గరే ఒళ్ళు తోముకునేవారు. ఆ బట్టలు నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు. వాటికి వేరే సబ్బు, వేరే బకెట్టు, ఆరేయడానికి వేరే తీగ. మా సొంత తోటలో కొట్టే రోజున నేను పెరటి తలుపు తీస్తే కేకలేసేవారు. ఇంత కాపురం చేశాను గానీ ఆ మనిషి పని చేస్తుంటే పక్కన నిలబడి చూసిన పాపాన పోలేదు. నన్ను అంత దూరం పెట్టినాయన తన ముక్కుకి ఒక చేతిరుమాలు కట్టుకుని సరిపెట్టుకున్నారు. అది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

చివరికి నాలుగడుగులు వేస్తే ఆయాసం మొదలైంది. డాక్టరు ఛాతీ ఫొటో దీపానికి అడ్డం పెట్టి చూసి, "ఇక ఆ వాసన ఈయన పీల్చకూడదు. పీలిస్తే నా చేతుల్లో ఏమీ ఉండదు" అన్నాడు. పని మానిపించాం. అయితే మా టమాటా తోట పెరటి మెట్టు దగ్గరే మొదలవుతుంది. అందులో సగం మాది, సగం మా మరిదిది. మధ్యలో కంచె కూడా లేదు. అందుకని పోయినేడు పురుగు పడి మరిది మందు కొట్టడం మొదలుపెట్టగానే, ఈయన్ని పట్నంలో మా ఆడపడుచు ఇంటికి పంపించేశాం. పంట కోత అయ్యేదాకా అక్కడే ఉన్నారు.

తిరిగొచ్చిన రోజు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "కాసిన్ని మంచినీళ్ళు ఇస్తావా?" అని అడిగారు. సొంత ఇంట్లో, చేతికందేంత దూరంలో బిందె పెట్టుకుని, చుట్టాలింటికి వచ్చినవాళ్ళు అడిగినట్టు అడిగారు. నీళ్ళిచ్చి, పొయ్యి వైపు తిరిగి ఏడ్చాను. ఈ మనిషిని మళ్ళీ ఎక్కడికీ పంపకూడదని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

ఈ ఏడు పూత మీదే పురుగు కనబడింది. వెంట్రుకంత పచ్చ పిల్లలు. వాటి మానాన వాటిని వదిలేస్తే కాయకి బొక్క పెట్టి, తల లోపలికి దూర్చి, తోక బయట పెట్టుకుని తీరిగ్గా భోంచేస్తాయి. మరిది చూసి వచ్చి, "వదినా, ఇంక ఆగితే లాభం లేదు. అన్నయ్యని అక్క దగ్గరికి పంపించెయ్" అన్నాడు. వాడు చెడ్డవాడు కాడు. పోయినేడు అన్నగారి పెట్టె మోసుకెళ్ళి కారులో పెట్టి, కారు మలుపు తిరిగేదాకా రోడ్డు మీదే నిలబడ్డవాడు. కానీ వాడికీ ఈ తోట తప్ప మరో ఆధారం లేదు.

ఆ వారమే మా ఆడపడుచు కూతురు వచ్చింది. మాకు పిల్లల్లేరు గనక అది సగం మా కూతురే. మేం దాన్ని పురుగుల పిల్ల అంటాం. ఏదో ప్రయోగశాలలో పురుగుల్ని పెంచే ఉద్యోగం దానిది. ఒక్కో పురుగుకీ ఒక్కో చిన్న గిన్నె. రెండింటిని కలిపి ఉంచితే ఒకదాన్నొకటి తినేస్తాయట. మనుషులే నయం, మాటలతో సరిపెట్టుకుంటారు.

అది సంచిలోంచి ఒక సీసా తీసింది. లోపల మురికి పాలలాంటి నీళ్ళున్నాయి. మూత తీస్తే చచ్చిన చేప కంపు.

"ఇది జబ్బు అత్తయ్యా. వైరస్. ఈ పచ్చ పురుగులకి మాత్రమే వస్తుంది. జబ్బుతో చచ్చిన పురుగుల్ని నూరి, వడగట్టి తెచ్చాను. మనకి రాదు, తేనెటీగలకి రాదు, మావయ్య ఛాతీకి ఏమీ కాదు."

"పురుగులకి జ్వరం తెప్పిస్తావన్నమాట" అన్నారు మా ఆయన.

"అలాగే అనుకో మావయ్యా. కానీ జ్వరం కదా, టైము పడుతుంది. కొట్టగానే చావవు. కొన్నాళ్ళు తింటూనే ఉంటాయి. మీరు కంగారు పడొద్దు."

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడంటారు. ఇంత తోటని మేసే పురుగుని కంటికి కనబడని జబ్బు మేస్తుందంటే నాకు ముచ్చటేసింది. ఆయన మాత్రం తల అడ్డంగా ఊపారు. "మందంటే పొద్దున కొడితే మధ్యాహ్నానికి నేలంతా పురుగు రాలాలి. ఇదేం మందు?"

అది వెళ్ళేటప్పుడు నన్ను గేటు దాకా రమ్మంది. "మావయ్య మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ చెప్పులు వీధి వైపుకి తిప్పే విప్పేవాడు అత్తయ్యా. నేను లోపలివైపు తిప్పి సర్దితే, మళ్ళీ వెళ్ళి బయటివైపుకి పెట్టుకునేవాడు. ఆ చెప్పులు చూడలేకే ఈ సీసా తెచ్చాను" అంది. 

మరిదిని కూర్చోబెట్టి చెప్పాను. వాడు వింటూనే, "ఆలస్యం అమృతం విషం వదినా" అన్నాడు. "నిదానమే ప్రధానం అని కూడా అన్నారులే" అన్నాను. చాలాసేపు గోళ్ళు గిల్లుకుని, "ఆదివారం దాకా నా సగం కూడా ముట్టుకోను. ఆదివారం పొద్దుటికి పురుగు చావకపోతే మాత్రం నా మందు నేను కొట్టుకుంటాను. అన్నయ్య వెళ్ళాల్సిందే" అన్నాడు. అంతకన్నా ఏ మరిదీ ఒప్పుకోడు.

ఎండ తగిలితే ఆ వైరస్ చచ్చిపోతుందట. అందుకని పొద్దు వాలాక మా సగంలో మొదలుపెట్టాం. బకెట్టు నీళ్ళలో, ఆకుకి అంటుకునేందుకు కాస్త బెల్లం కరిగించి, సీసాలో సగం వంచి కలిపాను. పాత మందు వాసన పోయేదాకా కడిగిన ట్యాంకు నా వీపుకి ఎక్కించుకున్నాను. ముప్పై ఏళ్ళు ఆయన దీన్ని ఎలా మోశారో గానీ, మొదటి సాలు తిరిగేసరికే నా నడుము పడిపోయింది. మొక్కల మీదకన్నా నా కాళ్ళ మీదే ఎక్కువ పడింది.

"అలా తోటకి స్నానం చేయించకు" అన్నారు మా ఆయన పెరటి మెట్టు మీంచి. "పిడి ఒకసారి నొక్కు, ఒక అడుగు వెయ్. ఆకు కింద తడవాలి. పురుగు నీలాంటిది కాదు, ఎదురుగా వచ్చి పోట్లాడదు, కిందే దాక్కుంటుంది."

"అంత తెలిసినవారు దిగి రావచ్చుగా!" అన్నాను.

అనేశాక గుర్తొచ్చింది. నిజంగానే రావచ్చు. ఇది ఆ మందు కాదు. ఆయనక్కూడా అప్పుడే తోచినట్టుంది. మెట్టు దిగారు. మెల్లగా నా పక్కకి వచ్చి, గొట్టం పట్టుకున్న నా మణికట్టు పట్టుకుని వంచి చూపించారు. "ఇలా. ఇప్పుడు నడు." నేను నడిచాను, ఆయన నడిచారు. ఆయాసం వచ్చినప్పుడు ఆగాం, తగ్గాక మళ్ళీ నడిచాం. పెళ్ళయినప్పటి నుంచీ నన్ను ఆ పనికి ఆమడ దూరంలో పెట్టిన మనిషి, సాలు వెంట నా భుజం పక్కనే ఉన్నారు. ఒళ్ళంతా బెల్లపు జిగురు, చేపల కంపు. అంత సంతోషంగా నేను ఎన్నడూ లేను.

ఆ సంతోషం మర్నాటికే సగమైంది. పురుగులు హాయిగా తింటున్నాయి. ఆ మర్నాడూ తిన్నాయి. ఇంకాస్త బలిసి మరీ తిన్నాయి. పొద్దున లేస్తూనే ఆయనా నేనూ వంగి సాళ్ళలో నేలంతా వెతికేవాళ్ళం. ఒక్క పురుగూ రాలలేదు. ఆయన లేచి నడుము పట్టుకుని ఇంట్లోకి వెళ్ళిపోతారు. పురుగుల పిల్లకి ఫోన్ చేస్తే, "ఇంకాస్త ఓపిక పట్టు అత్తయ్యా" అంటుంది. ఓపిక నాకుంది. ఆదివారానికే లేదు.

శనివారం సాయంత్రం కూడా నేల శుభ్రంగానే ఉంది.

ఆదివారం తెల్లవారాక లేచి చూస్తే ఆయన మంచం మీద పెట్టె తెరిచి బట్టలు మడతపెట్టుకుంటున్నారు. 

"ఎవరు సర్దమన్నారు?" అన్నాను కోపంగా.

"కారుకి చెప్పాను. తోట పోతే తమ్ముడి నోట్లో మట్టి కొట్టినవాణ్ణవుతాను."

"వాడింకా రాలేదు. చూడలేదు."

"చూడ్డానికేముంది? రోజూ చూస్తున్నాంగా." పెట్టె మూత వేశారు. వేసి, దాని మీద చెయ్యి పెట్టుకున్నారు. తర్వాత తల ఎత్తకుండానే, "నాకు వెళ్ళాలని లేదు" అన్నారు.

ఆయన తన ఇష్టం ఏదీ నోరు తెరిచి చెప్పి ఎరగరు. కూరలో ఉప్పు లేకపోతే లేదని కూడా అనని మనిషి. నా చేతిలో ఏముంది? చెయ్యి పట్టుకుని, "రండి, మరొక్కసారి చూద్దాం" అని పెరట్లోకి తీసుకెళ్ళాను.

నేను ఎప్పటిలాగే వంగి నేల వెతుకుతున్నాను. ఆయనకి వంగే ఓపిక కూడా లేకపోయింది. రెండు సాళ్ళు నడిచేసరికి ఆయాసం వచ్చి గట్టు మీద చతికిలపడ్డారు. ఊపిరి తీసుకోవడానికి తల వెనక్కి వాల్చి అలా ఉండిపోయారు. ఎదురుగా మొక్కల కొసలు, వాటి వెనక అప్పుడే లేస్తున్న ఎండ.

"ఇదిగో, ఇలా రా" అన్నారు.

"ఏమైంది? నొప్పి వస్తోందా?"

"నా పక్కన కూర్చో. కిందికి కాదు, పైకి చూడు."

కూర్చుని చూశాను. ఆయన వేలు చూపిస్తున్న చోట, చిటారు కొమ్మకి ఏదో ఎండిన ఆకు ముక్క వేలాడుతోంది. ఆకు కాదు. పురుగు. వెనక కాళ్ళతో కొసని పట్టుకుని, తల కిందికి వేలాడేసి, గుడ్డపేలికలా వడలిపోయి ఉంది. పక్క మొక్కకి మరొకటి. దాని పక్కన రెండు. ఎండ వెనక నుంచి పడుతుంటే మా సగమంతా కనబడ్డాయి, ఎన్నని చెప్పను! జబ్బు ముదిరాక పైపైకి పాకి, అక్కడ చచ్చాయి. ఆయన ముప్పై ఏళ్ళ అలవాటుకొద్దీ ఆయనా, ఆయన్ని చూసి నేనూ, రాలిన పురుగు కోసం నేలే వెతుకుతూ కూర్చున్నాం.

నేను పెద్దగా అరిచాననుకుంటాను, మరిది వాళ్ళింట్లోంచి పరిగెత్తుకొచ్చాడు. అన్నకి ఏదో అయిందని వాడి మొహం తెల్లబోయింది. చూపించాం. వాడు ఒక కొమ్మ వంచి పట్టుకుని, ఆ పురుగుని తాకితే చర్మం పగిలి నీరు ఆకుల మీద కారింది. "ఆ నీళ్ళు తగిలిన ఆకు తిన్న పురుగుకీ ఇదే గతి" అని, పురుగుల పిల్ల చెప్పిందంతా తనే కనిపెట్టినట్టు మా ఆయన వివరించారు. కాయలు కొన్ని పోయాయి, పోలేదనను. కానీ కొత్త పిందెలకి బొక్కల్లేవు.

మరిది చెయ్యి లుంగీకి తుడుచుకుని, "వదినా, ఆ సీసాలో ఇంకా ఉందా?" అన్నాడు. నీకు సరిపోయేంత ఉందన్నాను. "అయితే సాయంత్రం అన్నయ్యని నా సగంలోకి కూడా రమ్మను. ఆ నడక నాకూ చేతకాదు" అని, మా ఇద్దరి మొహాలూ చూడకుండా వెళ్ళిపోయాడు.

వీధిలో హారను మోగింది. ఈ గొడవలో కారు సంగతే మర్చిపోయాం. మా ఆయన గబగబా లోపలికి వెళ్ళారు, నేను గేటు దగ్గరికి వెళ్ళాను. పోయినేడు తీసుకెళ్ళిన డ్రైవరు కుర్రాడే.

"మావయ్యగారు రెడీయేనా అమ్మా?"

"లోపల బట్టలు సర్దుకుంటున్నారు" అన్నాను.

"పర్లేదు, ఆగుతాను. పెట్టె నేను తెచ్చుకుంటాలెండి."

"కాదు నాయనా" అన్నాను. "బీరువాలో సర్దుకుంటున్నారు."

ఆ మాట పూర్తి కాకుండానే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. పాపం ఆ కుర్రాడు కంగారుపడి కారు దిగి, "అయ్యో, ఊరుకోండమ్మా. ఊరికే పిలిచినందుకు నేనేమీ అనుకోను, నాకు కిరాయేమీ వద్దు" అన్నాడు.