ఇసకలో కొవ్వొత్తులు

ఈస్టరు తెల్లవారుజామున నగరిలో ఎవరి సమాధి దగ్గర వాళ్ళు కొవ్వొత్తులు వెలిగిస్తారు. మూడేళ్ళుగా సంతోషమ్మ మాత్రం సమాధుల తోటలో ఉత్తచేతులతో నిలబడి వచ్చేది. కూతురు కృపామణి స్నేహితులతో స్నానానికి దిగి సముద్రంలో పోయింది. శవం దొరకలేదు.

నాలుగో ఏడు ఆమె మొండికేసింది. "బిడ్డ యాడుండాదో ఆడికే పోదాం."

ఆర్టీసీలో బస్సు తోలి రిటైరైన రాజారత్నం పాత వ్యానులో చాప, గుడారం వేసుకుని భార్యతో బయలుదేరాడు. గూడూరు దాటాక, కృపామణి పోయిన ఒడ్డునే అటవీశాఖ పార్కు. జింకలు, కొంగలు, ఈ నెలల్లో గుడ్లు పగిలి వచ్చే తాబేలు పిల్లలు.

సాయంత్రం వాచరు నరేంద్ర వచ్చి చెప్పిపోయాడు. "లైట్లు వేయొద్దు పెద్దాయనా. టార్చీ వద్దు, సెల్లు వద్దు."

"బస్సు హెడ్‌లైటు డిపోలోనే ఇడిసిపెట్టొచ్చినాలేప్పా," అన్నాడు రాజారత్నం.

కొవ్వొత్తుల సంగతి ఇద్దరికీ తట్టలేదు. వాళ్ళ లెక్కలో అది లైటు కాదు, ప్రార్థన.

తెల్లవారకముందే సంతోషమ్మ ఇసకను పడుకున్న మనిషంత పొడవున కుప్ప చేసింది. నీళ్ళ సీసాలను సగానికి కోసి, గాలికి ఆరకుండా ఒక్కోదాంట్లో ఒక్కో కొవ్వొత్తి నిలబెట్టి వెలిగించింది. పాట ఎత్తుకుని సగంలోనే ఆపేసింది.

"కృప వాళ్ళ నాయనా, ఇట్ట సూడు!"

అరచేతిలో సగం లేని తాబేలు పిల్లలు, ఇరవయ్యో ముప్పయ్యో, ఇసక తోసుకుంటూ నేరుగా కుప్ప దగ్గరికే వస్తున్నాయి. ఒకటి ఆమె కాలివేలు ఎక్కి దిగింది.

"నా బిడ్డే పంపించినాదయ్యా. అమ్మ వచ్చినాదని తెలిసినాది దానికి."

రాజారత్నం వెనక్కి చూశాడు. సముద్రం అటు, అవి ఇటు. ఒక పీత అప్పుడే ఓ పిల్లను బొరియలోకి లాక్కుపోతోంది.

"మన వెలుతురు సూసి దోవ తప్పినాయి సంతోషా. ఆర్పేయాల."

"ఆర్పను."

"పీతలు తింటాండాయి మే."

"ఇన్నేండ్లకి ఒక్కసారి వెలిగించినాను. పొద్దు పొడిసేదాకా ఉండనీ."

"అవి నీళ్ళలోకి పోవాల."

"ఏ నీళ్ళలోకి?" ఆమె సముద్రం వైపు వేలు చూపింది. "నా బిడ్డను మింగిన నీళ్ళలోకి నా సేత్తోనే తోలమంటావా?"

అతడు వంగి, చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

కుప్ప పక్కన ఒక పిల్ల వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. సంతోషమ్మ దాన్నే చూస్తూ ఉండిపోయింది. కృపామణి కూడా అట్లాగే చేతులు కొట్టుకుందట. ఒడ్డున ఉన్నవాళ్ళు ఆట అనుకున్నారట.

ఆమె మోకాళ్ళ మీద కూలబడి మొదటి కొవ్వొత్తిని పిడికెడు ఇసకతో కప్పింది. రాజారత్నం అవతలి వైపు నుంచి మొదలుపెట్టాడు. ఆఖరిది ఎవరు ఆర్పాలో ఇద్దరికీ తెలియలేదు. గాలే ఆర్పుతుందేమోనని కాసేపు చూశారు. గాలి రాలేదు. సంతోషమ్మ ఊదింది.

ఇక సముద్రం మీదే సన్నటి తెలుపు. పిల్లలు కాసేపు తడుముకుని ఒకటొకటిగా అటు తిరిగాయి. వెల్లకిలా పడినదాన్ని ఆమె వేలితో తిప్పిపెట్టి, దాని వెనకే నడిచింది. అల వచ్చి దాన్ని తీసుకుపోయింది. ఆమె ఆగలేదు. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి.

రాజారత్నం పరుగెత్తుకెళ్ళి ఆమె జబ్బ పట్టుకున్నాడు.

"యాడికీ పోనులే," అంది సంతోషమ్మ.

అయినా అతడు వదల్లేదు.